మార్కులకు పిల్లలు చెప్పే కారణాలు: వినడం, తేల్చడం, మార్చడం ఎలా?

పరీక్ష పేపర్లు దిద్ది చేతికిచ్చిన రోజు గోదావరి జిల్లాల్లో ఏ హైస్కూల్ వరండాలో నిలబడినా ఇవే మాటలు. "నాకు లెక్కలు రావండి." "పేపర్ టఫ్‌గా ఇచ్చారు." "సిల్లీ మిస్టేక్స్ సార్." "బాగానే చదివాను, హాల్లోకి వెళ్లాక అన్నీ మర్చిపోయాను." "ఆ సార్‌కి నేనంటే పడదు." మంచి మార్కులు వచ్చినవాళ్లను అడిగితే "లక్కండి, చదివినవే పడ్డాయి" అంటారు. పెద్దవాళ్లం మార్కు చూసి ఈ మాటను వదిలేస్తాం. వచ్చే పరీక్షకు ఆ పిల్లవాడు పుస్తకం తీస్తాడా, తీసినా ఎంతసేపు కూర్చుంటాడు, తన గురించి తను ఏమనుకుంటాడు అన్నవి ఆ మాటను బట్టే చాలావరకు తేలిపోతాయి.

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ వరకు పిల్లలున్న అమ్మానాన్నలకు, టీచర్లకు, ట్యూషన్ చెప్పేవాళ్లకు ఆ మాటను విని, తేల్చి, మార్చే ఈ పద్ధతి పనికొస్తుంది. కావలసినవి దిద్దిన జవాబు పత్రం, ఒక నోటుబుక్కు, ఒక అరగంట. ఆ అరగంటలో టీవీ, ఫోను, పక్కింటి పెద్దమ్మ ఉండకూడదు.

మొదట కొంచెం వెనక కథ

జరిగినదానికి మనుషులు కారణాలు ఎలా వెతుక్కుంటారో 1958లో ఫ్రిట్జ్ హైడర్ అనే ఆస్ట్రియా మనస్తత్వవేత్త వివరంగా రాశాడు. దాన్ని చదువుల్లోకి తెచ్చి ఒక సిద్ధాంతంగా నిలబెట్టినవాడు అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు బెర్నార్డ్ వైనర్. పిల్లలు ఎక్కువగా చెప్పే కారణాలు నాలుగని 1970ల మొదట్లో ఆయన బృందం తేల్చింది: తెలివి, తను పడిన కష్టం, పేపర్ టఫ్‌గా ఉండటం, అదృష్టం. ఏ కారణమైనా మూడు రకాలుగా తూచవచ్చని తర్వాత చూపించాడు. అది పిల్లవాడి లోపల ఉందా, బయట ఉందా? ఎప్పుడూ ఉండేదా, మారేదా? మన చేతిలో ఉందా, లేదా?

మూడింటికీ పని వేరు. కారణం లోపల ఉందనుకుంటే గెలిచినప్పుడు గర్వం, ఓడినప్పుడు చిన్నతనం. అది ఎప్పటికీ మారదనుకుంటే వచ్చేసారి మీద ఆశ పోతుంది. మన చేతిలో ఉన్నది చేయలేదనుకుంటే "అయ్యో, చదవాల్సింది" అన్న బాధ కలుగుతుంది, చేతిలో లేదనుకుంటే సిగ్గు. రెండూ బాధలే, కానీ మొదటిది పిల్లవాణ్ణి పుస్తకం దగ్గరకు తోస్తుంది, రెండోది బడి మాట ఎత్తగానే మొహం దాచుకునేలా చేస్తుంది.

"నాకు బుర్ర లేదు" అన్న మాట అంత ప్రమాదం ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. లోపల ఉంది, మారదు, చేతిలో లేదు. మూడు తలుపులూ మూసుకుపోయాయి.

మెట్టు 1: మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి

"ఎందుకు తక్కువొచ్చాయి?" అని అడగకండి. మన ఇళ్లల్లో ఆ ప్రశ్న ఎప్పుడూ కేకతోనే వస్తుంది కాబట్టి పిల్లలకు అది తిట్టులాగే వినిపిస్తుంది. జవాబుగా తప్పించుకునే మాట వస్తుంది, అసలు నమ్మకం బయటికి రాదు. దానికి బదులు ఇలా అడిగి చూడండి:

"ఏమ్మా, పేపర్ చేతికిచ్చినప్పుడు నీకు మొదట ఏమనిపించింది?"
"నీకు ఇంకా ఎక్కువ వస్తాయనుకున్నావా, ఇంతే అనుకున్నావా?"
"వచ్చే పరీక్షలో ఎన్నొస్తాయనుకుంటున్నావు? ఎందుకని?"

మూడో ప్రశ్న ముఖ్యం. "అంతేనండి, నాకింతే" అని వస్తే కారణం మారదని ఆ పిల్ల నమ్మేసిందన్నమాట. చెప్పిన మాట చెప్పినట్టు రాయండి. "ఏకాగ్రత లోపం" లాంటి మీ మాటల్లోకి మార్చొద్దు. మధ్యలో సలహా కూడా వద్దు. కోనసీమ మామ్మలకు ఇది చెప్పడం కష్టమే, అయినా వద్దు.

బాగా వచ్చిన సబ్జెక్టు గురించి కూడా ఇవే ప్రశ్నలు అడగండి. ఓడినప్పుడు "నా బుర్రే అంత", గెలిచినప్పుడు "ఏదో లక్" అనే పిల్లలు మీరనుకున్న దానికంటే ఎక్కువమంది కనిపిస్తారు. వాళ్ల ఖాతాలో ఓటములు జమ అవుతాయి, గెలుపులు జమ కావు. నెమ్మదైన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇలా మాట్లాడుతుంటే ఇళ్లల్లో దాన్ని వినయం అనుకుని మురిసిపోతారు. మురిసిపోవాల్సింది ఏమీ లేదు.

మెట్టు 2: మూడు ప్రశ్నలతో తూచండి

రాసుకున్న ప్రతి మాట పక్కన మూడు గుర్తులు పెట్టండి: లోపలా బయటా, మారేదా మారనిదా, చేతిలో ఉందా లేదా.

"పేపర్ టఫ్": బయట, చేతిలో లేదు. "లక్": బయట, మారుతుంది, చేతిలో లేదు. "సార్‌కి నేనంటే పడదు": బయట, పిల్లవాడి దృష్టిలో ఏడాదంతా మారదు. "చదవలేదు": లోపల, మారుతుంది, చేతిలో ఉంది. "ఆ చాప్టర్ బట్టీ పట్టాను, ప్రశ్న తిప్పి ఇచ్చేసరికి రాలేదు": లోపల, మారుతుంది, చేతిలో ఉంది. పైగా ఏం మార్చాలో కూడా ఆ మాటలోనే ఉంది. ఇలాంటి మాట ఒక్కటి దొరికినా ఆ అరగంట దండగ కాదు.

గుర్తులు మీ అభిప్రాయం ప్రకారం పెట్టకండి, పిల్లల నమ్మకం ప్రకారం పెట్టండి. తెలివి పెరుగుతుందని నమ్మే పిల్లకు "నాకింకా అర్థం కాలేదు" అన్నది మారే కారణమే.

మెట్టు 3: జవాబు పత్రం తెరవండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. "నీకు తెలివుంది నాన్నా, నువ్వు చేయగలవు" అని ఎంత చెప్పినా 38 మార్కుల పేపర్ ఎదురుగా ఉన్న పిల్ల నమ్మదు. నమ్మకపోవడం న్యాయమే. ఋజువు కావాలి, అది ఆ పేపర్లోనే ఉంటుంది.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు పోతే రైతు "నాకు రొయ్యలు రావు" అని కూర్చోడు. సీడ్ ఎక్కడిది, నీళ్లలో ఉప్పు ఎంత, ఏరియేటర్లు ఆ రాత్రి ఆగాయా, వైట్ స్పాట్ తెగులు వచ్చిందా అని ఒక్కొక్కటీ చూస్తాడు. పేపర్‌నూ అలాగే చూడాలి.

ఒక పదో తరగతి అమ్మాయిని ఊహించుకుందాం. లెక్కల్లో 38 వచ్చాయి, 62 పోయాయి. ఆ 62 ఎక్కడెక్కడ పోయాయో పిల్ల చేతే ఐదు గళ్లలో రాయించండి:

అసలు ముట్టుకోనివి: 24
మొదలుపెట్టి మధ్యలో ఆగినవి: 16
గుర్తులు, ఎక్కాలు, కూడికల్లో తప్పులు: 13
ప్రశ్న సరిగ్గా చదవనివి: 5
టైం చాలక వదిలినవి: 4

ఇప్పుడు గళ్ల లోపలికి వెళ్లండి. ముట్టుకోని 24లో ఎనిమిది మార్కుల ప్రశ్నలు మూడు. రెండు త్రికోణమితివి, ఒకటి గ్రాఫ్. గ్రాఫ్ ఎందుకు వదిలేశావని అడిగితే స్కేలు ఎలా తీసుకోవాలో తెలియదంటుంది. అది నాలుగు సాయంత్రాల పని. మధ్యలో ఆగిన 16 మార్కుల్లో ఆగిన చోటల్లా వేలు పెట్టించండి. దాదాపు ప్రతిచోటా హారాలు వేరైన భిన్నాలు వచ్చాయనుకోండి. అంటే ఈ అమ్మాయికి రానివి పదో తరగతి లెక్కలు కావు. ఆరో తరగతిలో జారిపోయిన భిన్నాల కూడిక ఆమెకు నాలుగేళ్లుగా అడ్డం పడుతోంది.

"నాకు లెక్కలు రావు" అన్న వాక్యాన్ని మీరు ఖండించలేదు. పిల్ల తనే దాన్ని "నాకు భిన్నాలు కలపడం, గ్రాఫ్ స్కేలు, త్రికోణమితి రావు" అని తిరగరాసుకుంది. కారణం ఇప్పటికీ లోపలే ఉంది, కానీ మారేది అయింది, చేతిలోకి వచ్చింది. వచ్చిన 38 మార్కులు ఎక్కడివో కూడా చూపించండి. ఏ లెక్క పూర్తిగా చేసిందో, దాన్ని ఎలా నేర్చుకుందో అడగండి. "అక్క దగ్గర కూర్చుని పదిసార్లు చేశాను" అంటే ఆ పద్ధతి ఆమెకు పనిచేస్తోందని ఆమె నోటితోనే తేలింది.

సిల్లీ మిస్టేక్ గురించి ఒక మాట. ఫస్ట్ ర్యాంకు పిల్లలకు ఇది ఇష్టమైన కారణం, ఎందుకంటే మార్కులు పోయినా పరువు పోదు. ఒకే రకం సిల్లీ మిస్టేక్ మూడు పేపర్లలో కనిపిస్తే దాన్ని సిల్లీ అనడం మానేయండి. బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడల్లా గుర్తు తప్పుతుంటే అది నేర్చుకోని పాఠం.

మెట్టు 4: "కష్టపడలేదు" దగ్గర ఆగిపోకండి

తెలివి మీద నెపం పెట్టడం కంటే కష్టం మీద పెట్టడం మంచిదని చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. దీనికి ఆధారం లేకపోలేదు. 1975లో కెరొల్ డ్వెక్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఓటమి ఎదురైతే చేతులెత్తేసే పన్నెండుమంది పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. సగం మందికి ఎప్పుడూ గెలిచే లెక్కలే ఇచ్చారు. మిగతా సగం మందికి అప్పుడప్పుడు ఓడిపోయేలా ఇచ్చి, ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించాల్సిందని చెప్పారు. తర్వాత కష్టమైన లెక్కలు ఎదురైనప్పుడు గెలుపులే రుచి చూసినవాళ్లు మళ్లీ కూలబడ్డారు, రెండో జట్టు నిలబడింది. పిల్లలు బాధపడతారని సులువు పేపర్లే ఇచ్చే ట్యూషన్ మాస్టార్లు గుర్తుపెట్టుకోవాల్సిన ప్రయోగం ఇది.

కానీ నిజంగా చదివిన పిల్లకు "కష్టపడలేదు" అంటే ఏమవుతుంది? తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివింది, తప్పింది. కష్టం తక్కువ కాలేదని తనకు తెలుసు. మరి మిగిలిన కారణం? తెలివే. మీ మాట ఆమెను సరిగ్గా ఆ గోతిలోకే తోస్తుంది. కష్టం రెండు వైపులా పదునున్న కత్తి అని మార్టిన్ కోవింగ్టన్, కారొల్ ఒమెలిచ్ 1979లో చెప్పింది ఇదే. చదవకుండా తప్పితే టీచర్ తిడతాడు. బాగా చదివి తప్పితే తెలివిలేనివాడని బయటపడుతుంది. రెండింటిలో తిట్లు తినడమే నయమని పిల్లలు లెక్క వేసుకుంటారు.

ప్రీఫైనల్ ముందు సంక్రాంతి మూడు రోజులూ బరుల చుట్టూ, తీర్థాల్లో తిరిగి "నేనసలు పుస్తకమే ముట్టలేదురా" అని గొప్పగా చెప్పే కుర్రాణ్ణి ఇలా చూడాలి. వాడిది బద్ధకం అనుకుంటాం. చాలాసార్లు అది భయం. ఓటమికి ముందే ఒక సాకు సిద్ధం చేసి పెట్టుకునే ఈ తీరును 1978లో బెర్గ్లాస్, జోన్స్ అనే ఇద్దరు ప్రయోగం చేసి చూపించారు. వాణ్ణి ఇంకా తిడితే సాకు ఇంకా గట్టిపడుతుంది. చిన్న పరీక్ష పెట్టండి, మార్కులు ఎవరికీ చెప్పనని మాటివ్వండి, నిలబెట్టుకోండి.

కష్టపడిన పిల్ల దగ్గర ప్రశ్న "ఎంతసేపు?" నుంచి "ఎలా?" వైపు తిరగాలి. చూసి చదివిందా, మూసి రాసిందా? గైడులో జవాబు చూస్తూ లెక్క కాపీ చేసిందా, చూడకుండా చేసిందా? ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తు చేసుకున్నవాళ్లు వారం తర్వాత ముందున్నారు. రోడిగర్, కార్పికే 2006లో చూపిన ఈ ఫలితం "చదివాను, హాల్లో మర్చిపోయాను" అనే ప్రతి పిల్లకూ చెప్పదగ్గది. రాత్రి పది సార్లు చదివినప్పుడు వచ్చేసిందనిపించడం నిజమే, పరీక్ష నాటికి జారిపోవడమూ నిజమే. మర్చిపోవడానికి కారణం తన బుర్రలో లేదు, చదివిన పద్ధతిలో ఉంది.

ఒక్క పద్ధతి మార్చండి, ఒకే సబ్జెక్టులో, వచ్చే పరీక్ష దాకా. మూడు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మెట్టు 5: పొగడ్తను, జాలిని సరిచూసుకోండి

గెలుపుకు కూడా కారణం చెబుతాం. "మా వాడు బ్రెయిన్ అండి, అచ్చం మేనమామ పోలిక" అనడం ఇక్కడ పెద్ద మెచ్చుకోలు. 1998లో మ్యూలర్, డ్వెక్ ఐదో తరగతి పిల్లల్లో కొందరిని తెలివికి, కొందరిని కష్టానికి పొగిడారు. తెలివికి పొగడ్త అందుకున్నవాళ్లు తర్వాత సులువైన పనులు ఎంచుకున్నారు, కష్టమైనవి ఎదురయ్యాక తగ్గిపోయారు, తమ మార్కుల గురించి అబద్ధం రాసినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. మేనమామ పోలిక నిలబెట్టుకోవడం పిల్లవాడికి ఎంత బరువో చూడండి.

"రెండో పద్ధతిలో కూడా చేసి సరిచూసుకున్నావు, అందుకే తప్పు దొరికింది" అనేది పనికొచ్చే మెచ్చుకోలు. అందరూ చేసిన సులువు లెక్కకు "శభాష్" అనకండి. వీడికి ఇంతకంటే రాదనుకుంటున్నారని పెద్ద పిల్లలు పసిగడతారు.

జాలి ఇంకా మోసం చేస్తుంది. ఆరో తరగతి పిల్లలు పజిల్స్‌లో ఓడిపోయినప్పుడు జాలి చూపిస్తే వాళ్లు తమకు సామర్థ్యం లేదనుకున్నారనీ, కొంచెం కోప్పడితే తాము సరిగ్గా ప్రయత్నించలేదనుకున్నారనీ శాండ్రా గ్రాహమ్ 1984లో చూపించింది. దీన్ని కోప్పడటానికి లైసెన్సు అనుకోవద్దు. "పోనీలే పాపం, దానికి రాదులే" అని మెత్తగా అన్న మాట బెత్తం దెబ్బ కంటే లోతుగా దిగుతుందని మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

మెట్టు 6: బయటి కారణం నిజమైతే ఒప్పుకోండి

అన్నిటికీ పిల్లలనే బాధ్యులను చేయడం అన్యాయం. 2022 జూలై వరదలో లంక గ్రామాల పిల్లలు పడవల్లో దాటారు, ఇళ్లలోకి నీళ్లొచ్చి పుస్తకాలు తడిశాయి. అమ్మ గల్ఫ్‌లో, నాన్న చెరువు మీద ఉంటే పదో తరగతి అమ్మాయే వంట చేసి, తమ్ముణ్ణి తయారుచేసి బడికొస్తుంది. ఆరు నెలలు ఫిజిక్స్‌కి టీచర్ లేని బడి ఉంటుంది. ఇవి సాకులు కావు. "అవును, ఇది నీ తప్పు కాదు" అని పైకి చెప్పండి. తర్వాత కారణాన్ని రెండు ముక్కలు చేయండి: పెద్దవాళ్లం మార్చాల్సింది ఏది, నీ చేతిలో మిగిలింది ఏది. వంట పని పంచుకోవడం మొదటి దాంట్లోకి వస్తుంది, ఆ పని పక్కన మీ సంతకం ఉండాలి.

"సార్ మార్కులు వేయలేదు" కూడా కొన్నిసార్లు నిజం. బడి పరీక్షయితే పిల్లను తీసుకుని వెళ్లి మర్యాదగా అడగండి. పబ్లిక్ పరీక్షకు రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. వాదించేకంటే సరిచూడటం మంచిది, ఏది తేలినా ఆ కారణం ఇంట్లో ఏడాదంతా తిరగకుండా ఆగుతుంది.

దేవుడి విషయంలో గొడవ పెట్టుకోనక్కర్లేదు. అయినవిల్లి సిద్ధివినాయకుడి దగ్గర పెట్టిన పెన్నులు పరీక్షల ముందు విద్యార్థులకు పంచుతారు. ఆ పెన్ను జేబులో ఉంటే టెన్షన్ తగ్గే పిల్లలు వేలల్లో ఉన్నారు. తగ్గనివ్వండి. మార్కులొచ్చాక గెలుపంతా పెన్నుదే అంటే మాత్రం "ఆ పెన్నుతో రాసిన చెయ్యి ఎవరిదిరా?" అని అడగండి.

మెట్టు 7: ముందు అంచనా, తర్వాత పోలిక

వచ్చే స్లిప్ టెస్ట్‌కు ముందు రోజు పిల్ల చేత రెండు వాక్యాలు రాయించండి: ఎన్ని మార్కులు వస్తాయనుకుంటున్నాను, ఈసారి ఏ ఒక్క పని వేరుగా చేశాను. పేపర్ వచ్చాక కింద రెండు: ఎన్ని వచ్చాయి, ఆ పని ఎంత పనిచేసింది. మార్కులు పెరగకపోయినా ఈ పుస్తకం పనికొస్తుంది. భిన్నాల దగ్గర ఆగడం 16 నుంచి 7కు తగ్గి, మొత్తం మార్కులు 38 నుంచి 41కే చేరాయనుకోండి. ప్రోగ్రెస్ కార్డులో అది ఏమీ కాదు. ఈ పుస్తకంలో అది చాలా పెద్ద మార్పు.

పదో తరగతి తెలుగు మీడియంలో చదివి రాజమండ్రిలోనో విజయవాడలోనో ఇంటర్ హాస్టల్లో చేరినవాళ్లకు ఇంకొకటి చేయాలి. మొదటి వీకెండ్ టెస్టుల్లో మార్కులు పడిపోగానే "పల్లెటూరి టాపర్‌నే, ఇక్కడ పనికిరాను" అనుకుంటారు. మొదటి ఏడాది చాలామందికి ఇలాగే ఉంటుందనీ, తర్వాత మెరుగవుతుందనీ సీనియర్ల నోట విన్న కాలేజీ విద్యార్థులు తర్వాత బాగా చదివారని 1982లో విల్సన్, లిన్‌విల్ చూపించారు. అదే ఊరి సీనియర్‌తో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి. తన మొదటి టెస్టుల మార్కులు దాచకుండా చెప్పే సీనియర్ అయితేనే.

ఎంత మార్పు ఆశించవచ్చు? తెలివి పెరుగుతుందని గంటలోపే నేర్పే ఆన్‌లైన్ పాఠాలను అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. వెనకబడిన పిల్లల సగటు గ్రేడు సుమారు నాలుగు పాయింట్ల స్కేలు మీద 0.1 పెరిగింది. చిన్నదే, కానీ నిజమైనది. మాట మారితే భిన్నాలు వాటంతటవే రావు, ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. మాట మారితే పిల్ల ఆ కూర్చోవడానికి ఒప్పుకుంటుంది.

ఫలితాల రోజు

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు పైన చెప్పినవేవీ చేయకండి. ఆ రోజు కారణాలు అడగొద్దు, పెదనాన్న గారి అబ్బాయి మార్కులు చెప్పొద్దు. అన్నం పెట్టండి, ఒంటరిగా వదలకండి. సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే ఉంటుంది కాబట్టి కారణాల లెక్క రెండు మూడు రోజులు ఆగి మొదలుపెట్టినా టైం సరిపోతుంది.

పిల్ల నిద్రపోకపోయినా, తినకపోయినా, "నేనుండి ఏం లాభం" లాంటి మాట అన్నా అది కారణాలు తేల్చే సమయం కాదు. వెంటనే డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ గంటలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, పిల్ల చేయనంటే మీరే చేయండి.